నాన్నగారి పద్మిని ఎప్పుడు పూర్తవుతుంది? ఏ ఘాటీ ఎక్కించాలి?

ఒడిశాలోని గుణుపూర్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "నాన్నగారి 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు ఆరేళ్లుగా షెడ్డులోనే ఉంది. ఇంజను ఓవర్‌హాలింగ్ అయింది, పెయింటింగ్ అయింది, సీట్లు కొత్తగా కుట్టించాను. అయినా ఎప్పుడు చూసినా ఏదో ఒక పని మిగిలే ఉంటోంది. బండి పూర్తయిందని ఎలా తెలుస్తుంది? పూర్తయ్యాక మన వైపు మలుపులున్న మంచి రోడ్లేవి?"

తమ్ముడూ, చూడటానికి రెండు ప్రశ్నలు గానీ, నాకు మాత్రం ఒకటే ప్రశ్నలా ఉంది. షెడ్డులో ఉన్నంతకాలం ఆ పద్మిని పూర్తి కాదు. ఇంకా ఏం పని మిగిలిందో మీకు గానీ మీ మెకానిక్కుకు గానీ ఇప్పుడు తెలీదు. పది కిలోమీటర్లు నడిపితే బండే చెబుతుంది. ఘాటీ, అంటే కొండ మలుపుల రోడ్డు, ఎక్కిస్తే ఇంకా గట్టిగా చెబుతుంది. అందుకని, పూర్తయ్యాక రోడ్లు వెతుక్కుందాం అనుకోకండి. రోడ్లను సులువు నుంచి కష్టానికి వరసగా పెట్టుకుని, వాటి మీదే బండిని పూర్తి చేసుకోండి.

నేను రాయగడలో ఉంటాను. నాదీ పద్మినే, 1984ది. ఏడేళ్లు పట్టింది. అందులో చివరి మూడేళ్లు వృథాగా పోయాయని ఇప్పటికీ బాధ పడుతుంటాను. ఇంజను స్టార్టవుతోంది, గేర్లు పడుతున్నాయి, అయినా బండి బయటికి తీయలేదు. బంపర్లకు క్రోమ్ ప్లేటింగ్ నచ్చలేదని రెండోసారి చేయించాను. డాష్‌బోర్డు మీద ఒక ఒరిజినల్ నాబ్ కోసం ఎనిమిది నెలలు తిరిగాను. తీరా అన్నీ దొరికి, మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టి కదిలిస్తే వెనక కుడి చక్రం కదల్లేదు. బ్రేకు డ్రమ్ము విప్పి చూశాం. నాలుగేళ్ల కిందట కొత్త కిట్ వేసిన వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకు షూలను తోసే చిన్న గొట్టం) లోపల పిస్టన్ తుప్పుతో అతుక్కుపోయి ఉంది. రబ్బరు కప్పు వేలితో నొక్కితే వంగలేదు, గోరు పెడితే పెచ్చులా ఊడింది. ఒక్క కిలోమీటరు కూడా తిరగని బ్రేకు అది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమే లోపల తుప్పు పట్టిస్తుంది. నిలబెట్టిన బండి నిలబెట్టినట్టు ఉండదు తమ్ముడూ, రోజూ కొంచెం కొంచెం వెనక్కి వెళ్తూ ఉంటుంది.

అందుకే ముందుగా ఒక పని చేయండి. మిగిలిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి, అందులో ఆగడానికి, తిరగడానికి, చల్లబడటానికి, వెలగడానికి సంబంధించినవి మాత్రం గుర్తు పెట్టుకోండి. అంటే బ్రేకులు, స్టీరింగు, రేడియేటర్, వైరింగు. మిగతావన్నీ, బీడింగులు, హార్న్ రింగు, వీల్ కప్పులు, రేడియో, ఆ కాగితం మీదే ఉండనివ్వండి. బండి తిరుగుతుండగా ఒక్కొక్కటీ చేసుకోవచ్చు. సామాను దొరకడం లేదన్నది కూడా సగమే నిజం. బొంబాయిలో ఈ బండి దశాబ్దాల పాటు టాక్సీగా తిరిగింది, ఆఖరి పద్మిని టాక్సీ రోడ్డు మీద నుంచి వెళ్లిపోయింది 2023 అక్టోబరు 30నే. పాత సామాను ఇంకా అటు నుంచే వస్తోంది. బ్రేకు కిట్లు, కింగ్ పిన్ (ముందు చక్రం అటూ ఇటూ తిరిగే ఇరుసు) సెట్లు, వాటర్ పంపు లాంటి నడిపించే సామాను అలంకారపు సామాను కంటే తేలిగ్గా దొరుకుతుంది.

బ్రేకుల దగ్గర నేను ఎంత చెప్పినా తక్కువే. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. మీరు నాలుగు డ్రమ్ములూ విప్పించండి, మొన్ననే చేశామని మెకానిక్కు అన్నా సరే విప్పించండి. సిలిండర్ రబ్బర్లు, ఫ్లెక్సిబుల్ హోసులు, బ్రేక్ ఆయిల్ అన్నీ కొత్తవి వేయండి. షూ లైనింగ్ మీద వేలు రాసి చూడండి, జిడ్డు తగిలితే ఆ లైనింగ్ పనికిరాదు, పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకండి. బ్రేకు పైపుల్లోంచి గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసేది) అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. షూ సర్దేటప్పుడు చక్రం పట్టేసేదాకా బిగించి, చేత్తో తిప్పితే ఫ్రీగా తిరిగేదాకా వదలాలి. మీ దాంట్లో మాస్టర్ సిలిండర్ సింగిల్ సర్క్యూట్‌ది, అంటే నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ దారి, అయితే ఒక్క చోట లీకైనా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. అందుకే హ్యాండ్ బ్రేకు పేరుకి ఉంటే చాలదు, వాలులో బండిని పట్టి నిలబెట్టాలి.

స్టీరింగు విషయంలో ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే కింగ్ పిన్ గానీ బేరింగు గానీ అరిగింది. గ్రీజు నిపుల్స్ అన్నిటికీ గన్నుతో గ్రీజు కొట్టించండి, పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చేదాకా. టైర్ల పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2316 అని ఉంటే 2016లో 23వ వారం. ఆరేళ్ల నుంచి షెడ్డులో ఒకే చోట నిలబడిన టైర్లు చూడటానికి ఎంత కొత్తగా ఉన్నా ఘాటీకి పనికిరావు.

పెట్రోలు సంగతి చాలామందికి తట్టదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మన బండ్లు తయారైనప్పుడు అది లేదు. పాత రబ్బరు హోసులు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ గాస్కెట్లు దీనికి ఉబ్బుతాయి, మెత్తబడతాయి. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న ప్రతి హోసూ ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయించండి. నాకు ఒక షాపులో మంచి కంపెనీదే అని చెప్పి నకిలీ హోసు అంటగట్టారు. నాలుగు నెలల్లో కొస దగ్గర చీలి, ఇంజను మీద పెట్రోలు చెమటలా పట్టింది. వాసన వచ్చింది కాబట్టి బతికిపోయాం. అప్పటి నుంచి ప్రతి ప్రయాణానికి ముందు బానెట్ ఎత్తి, హోసుల కింద పొడి గుడ్డ రాసి చూస్తాను. చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ముందు సీటు కిందే ఉంటుంది, డిక్కీలో కాదు.

ఇవి అయ్యాక మొదటి వారం ఊళ్లోనే తిప్పండి. ఇంటి నుంచి తోసుకుంటూ తెచ్చుకోగలిగినంత దూరమే. ఇంజను ఓవర్‌హాలింగ్ చేయించారు కాబట్టి 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్పించండి, 20డబ్ల్యూ50 మినరల్ ఆయిల్ చాలు. అప్పుడే హెడ్డు బోల్టులు టార్క్ రెంచితో మళ్లీ చూపించి, వాల్వు క్లియరెన్సు సర్దించండి. ఇది మాత్రం మర్చిపోకండి. హెడ్ గాస్కెట్ పోవడానికి ఘాటీ కంటే అనువైన చోటు లేదు.

రెండో మెట్టు, చదునైన రోడ్డు మీద పొడవైన ప్రయాణం. మీరు గుణుపూర్ కాబట్టి పర్లాఖిమిడి వైపు వంశధార లోయ వెంట వెళ్లి రండి. మాకైతే రాయగడ నుంచి కూనేరు, కొమరాడ మీదుగా పార్వతీపురం. నాగావళి పక్కనే రోడ్డు, పెద్ద ఎక్కుడు లేదు, మధ్యలో రైలు పట్టాలు పక్కకు వచ్చి పోతుంటాయి. అరగంట నడిపి ఆపండి. నాలుగు చక్రాల హబ్బుల దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్లండి, అంటించకండి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి సెగ కొడుతుంటే అక్కడ షూ రాసుకుంటోంది. ఈ ఒక్క పరీక్ష నాకు నేర్పింది సాలూరు లారీ డ్రైవరొకాయన. ప్రతి టీ బడ్డీ దగ్గర దిగి, బండి చుట్టూ తిరుగుతూ చెయ్యి చూపిస్తూ వెళ్లేవాడు, నేను ఏదో పూజ అనుకున్నాను.

మూడో మెట్టుతో ఘాటీ మొదలవుతుంది. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ రోడ్డు తీసుకోండి. రాయగడ సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కోరాపుట్ 870 మీటర్ల దాకా. అంటే ఈ రోడ్డు మిమ్మల్ని ఆరేడు వందల మీటర్లు పైకి తీసుకెళ్తుంది, కానీ ఒక్కసారిగా కాదు. కొంత ఎక్కి, ఊపిరి తీసుకోనిచ్చి, మళ్లీ ఎక్కిస్తుంది. కొత్తగా చేసిన బండికి ఇదే మంచిది. పద్మినిది 1089 సీసీ ఇంజను, నలభై హార్స్‌పవర్ చిల్లర. ఎక్కుడులో టాప్ గేరులో బలవంతంగా లాగించకండి, ఇంజను మూలుగుతున్నట్టు అనిపించే లోపే మూడుకు, మూడు నుంచి రెండుకు దించండి. ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ (గేర్ల వేగాలను కలిపే ఏర్పాటు) లేదు. బండి కదులుతుండగా ఫస్టు వేయబోతే గేర్‌బాక్సు అరుస్తుంది. కాబట్టి పెద్ద మలుపుకు ముందే రెండో గేరులో స్థిరంగా ఉండాలి, ఇంకా తప్పదనిపిస్తే దాదాపు ఆపి, అప్పుడు ఫస్టు. స్టీరింగు పక్కనుండే హ్యాండ్ గేరు లింకేజీలో బుష్షులు వదులుగా ఉంటే రెండు, మూడు మధ్య లివర్ తడబడుతుంది. ఆ తడబాటు షెడ్డులో కనిపించదు, సగం మలుపులో కనిపిస్తుంది. ముందే మార్పించండి.

ఇక సుంకి ఘాటీ. సాలూరు దాటగానే 26వ నంబరు జాతీయ రహదారి కొండెక్కి సుంకి, పొట్టంగి మీదుగా సిమిలిగుడ, కోరాపుట్ వెళ్తుంది. మన వైపు వాళ్లు మలుపుల రోడ్డు అనగానే ముందు ఇదే చెబుతారు. మలుపులు అద్భుతమే, నేను కాదనను. కానీ రాయపూర్ వైపు నుంచి విశాఖ వెళ్లే లోడు లారీలు చాలా ఈ దారినే దిగుతాయి. మొదటి ఘాటీగా దీన్ని పెట్టుకోవద్దు, పెట్టుకున్నా తెల్లవారుజామునే ఎక్కేయండి. సాలూరు లారీల ఊరు కాబట్టి ఎక్కే ముందు ఏ చిన్న పనికైనా, కమాను కట్టల నుంచి రేడియేటర్ కోర్ దాకా, అక్కడ చేతులున్నాయి. అది పెద్ద ధైర్యం.

నాకు ఈ ఘాటీలోనే ఒక మే నెల మధ్యాహ్నం బండి ఆగిపోయింది. ఒక లోడు లారీ వెనక ఫస్టు, రెండు గేర్లలో పావుగంట పాకాం. ఇంజను రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆరిపోయింది. సెల్ఫు బ్రహ్మాండంగా తిరుగుతోంది, పట్టుకోదు. కార్బురేటర్ దగ్గర హోసు ఊడదీసి సెల్ఫు కొట్టిస్తే పెట్రోలు బదులు బుసబుసమని ఆవిరి వచ్చింది. పంపులో పెట్రోలు వేడికి ఆవిరైపోయింది, ఆవిరిని ఆ పంపు తోయలేదు. మా ఆవిడ తన తువ్వాలు నీళ్లలో ముంచి ఇచ్చింది, పంపు మీద చుట్టాం. ఇరవై నిమిషాలు పక్కన బండరాయి మీద కూర్చున్నాం. తర్వాత ఒక్క సెల్ఫుకే అందుకుంది. పెట్రోలు పైపు వేడి భాగాలకు తగలకుండా పక్కకు జరిపి, పంపు దగ్గర చిన్న రేకు అడ్డం పెట్టించాక ఆ బాధ తగ్గింది. ఎండాకాలం పగలు ఘాటీ ఎక్కడం మాత్రం అప్పటి నుంచి మానేశాను. తడి గుడ్డ ఎప్పుడూ బండిలో ఉంటుంది.

నీళ్లు మరిగితే వేరే జాగ్రత్త. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే మూత తీయొద్దు, అరగంట ఆగండి. ఫ్యాన్ బెల్టు వదులైతే వాటర్ పంపు సరిగా తిరగదు. బొటనవేలితో నొక్కితే అరంగుళం లోపలికి వెళ్లాలి, అంతకు మించి వెళ్తే బిగించాలి. రేడియేటర్‌ను పైపైన కడిగించడం కాదు, ట్యాంకులు విప్పించి గొట్టాల్లో కమ్మీ దూర్చి శుభ్రం చేయించండి.

దిగడం గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లను మన ఘాటీల్లో రోజూ చూస్తాం. డ్రమ్ములు వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ బండి ఆగదు. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. ఈ రెండింటి తేడా కాలికి తెలియాలి. ఏది జరిగినా గేరు దించి, కొండ వైపు ఒరిగి ఆపేయండి, చక్రాల కింద రాళ్లు పెట్టి, చల్లారేదాకా కదలకండి. ఎదురుగా ఎక్కి వస్తున్న బండికి దారి ఇవ్వడం దిగేవాళ్ల బాధ్యత. గుడ్డి మలుపులో హారన్ కొట్టండి, సంత రోజుల్లో మాత్రం హారన్ కంటే వేగం తగ్గించడం ముఖ్యం. నెత్తిన బుట్టలతో, మేకలతో జనం రోడ్డు వెంటే నడుస్తుంటారు. ఆ రోడ్డు ముందు వాళ్లది.

ఇప్పుడు నాకు ప్రాణమైన రోడ్డు చెబుతాను. సిమిలిగుడ నుంచి నందపూర్, పాడువా మీదుగా అరకు. సుంకిలో మలుపులను లారీలతో పంచుకోవాలి, ఇక్కడ మలుపులు దాదాపు మీకే వదిలేస్తారు. నందపూర్ ఒకప్పుడు జయపురం రాజుల రాజధాని, 32 మెట్ల సింహాసనం ఉందని చెప్పే చోటు ఇప్పటికీ చూపిస్తారు. రోడ్డు పెద్దగా నిటారు కాదు. ఒక మలుపు నుంచి బయటికి రాగానే రెండో మలుపు లోపలికి చేరుకుంటుంది, మూడో గేరులోనే పద్మిని ఊయలలా ఊగుతూ పోతుంది. దసరా వెళ్లాక వానలు తగ్గి, నవంబరు వచ్చేసరికి రెండు పక్కలా వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి. అద్దాలు దించి, పక్కనున్నవాళ్లతో మాట్లాడుకుంటూ నలభై దాటకుండా నడిపే రోడ్డు ఇది. పాత బండి పడిన కష్టమంతా ఎందుకో నాకు అక్కడ అర్థమైంది. తెల్లవారుజామున పొగమంచు దట్టంగా ఉంటుంది, ఎండ వచ్చేదాకా సిమిలిగుడలోనే టీ తాగుతూ ఆగండి. దారిలో దేవమాలి బోర్డు కనిపిస్తుంది. 1672 మీటర్లతో ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, పైదాకా రోడ్డుంది. మొదటి సీజన్‌లో పద్మినిని అక్కడికి తీసుకెళ్లొద్దు, బ్రేకుల మీద పూర్తి నమ్మకం కుదిరాక చూడొచ్చు.

మీకు ఇంటి పక్కనే ఇంకో రోడ్డుంది, అది మేం మీ మీద అసూయపడే రోడ్డు. పర్లాఖిమిడి నుంచి ఆర్.ఉదయగిరి, మోహన, తప్తపాణి, దిగపహండి మీదుగా బరంపురం. గిడుగు రామమూర్తిగారు పర్లాఖిమిడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష మీద పనిచేసింది ఈ కొండల వాళ్ల మధ్యే. రోడ్డు సవర ఊళ్ల మధ్య నుంచి మెల్లగా ఎక్కుతుంది. మోహన వైపు చంద్రగిరిలో టిబెటన్ల ఊళ్లున్నాయి, జీరంగ్‌లో పెద్ద బౌద్ధారామం ఉంది. అక్కడ ఆపి ఇంజను చల్లారనివ్వండి. తప్తపాణి దగ్గర దిగుడు మలుపులు బిగువుగా ఉంటాయి, వేడినీళ్ల బుగ్గ చూడాలన్న తొందరలో వేగం పెంచకండి. పెట్రోలు మాత్రం పర్లాఖిమిడిలోనే నింపుకుని బయలుదేరండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ రోడ్లు ఏవీ వద్దు, కొండ చరియలు జారుతుంటాయి.

కాగితాల సంగతి. రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, బండిని తీసుకెళ్లి చూపించాలి. 50 ఏళ్లు దాటితేనే వింటేజ్ రిజిస్ట్రేషన్, మీది 1986ది కాబట్టి దానికి ఇంకా టైముంది. నాన్నగారి పేరు మీద ఆంధ్రా నంబరు ఉంటే ఒడిశాలో ఏడాదికి మించి ఉంచేటప్పుడు ఇక్కడి నంబరు వేయించుకోవాలి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు లేకుండా ఘాటీ చెక్‌పోస్టు దాకా కూడా వెళ్లకండి.

బండిలో ఉంచాల్సినవి పెద్దగా లేవు. స్పార్కుకు కావాల్సిన ఒక సెట్టు పాయింట్లు, కండెన్సర్, రోటర్, ఇంకా ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, అడుగు హోసు రెండు క్లిప్పులతో, ఐదు లీటర్ల నీళ్లు, బ్రేక్ ఆయిల్ సీసా, టార్చి. పాత బండి ఘాటీలో ఆగిపోయిందంటే నా అనుభవంలో చాలాసార్లు కండెన్సరో, వదులైన ఎర్త్ వైరో. కండెన్సర్ వంద రూపాయల వస్తువు, తేవడానికి మాత్రం కొండ దిగాలి.

ఇప్పుడు సెప్టెంబరు చివర. వలిసె పూలకు ఆరు వారాలుంది. ఈ ఆదివారం వెనక డ్రమ్ములు రెండూ విప్పించి, వీల్ సిలిండర్ లోపలి భాగం, లైనింగ్ రెండూ కనిపించేలా ఫోటోలు పెట్టండి. సిలిండర్ హోనింగ్‌తో (లోపల రుద్ది నునుపు చేయడం) సరిపోతుందో కొత్తది వేయాలో చూసి చెబుతాను.